దుకాణం మూసినా మూతపడని కోరిక: వ్యసన విముక్తిలో మానసిక చికిత్స చరిత్ర



మద్యపాన వ్యసనం గురించి మన ఇళ్లలో, గ్రామసభలలో, పత్రికలలో సాధారణంగా రెండు ప్రశ్నలే వినిపిస్తాయి. ఈ దుకాణాలను ప్రభుత్వం ఎందుకు మూయించదు అన్నది మొదటిది. ఈ మనిషికి ఎన్ని చెప్పినా బుద్ధి ఎందుకు రాదు అన్నది రెండవది. మొదటి ప్రశ్న సర్కారును తప్పుపడుతుంది, రెండవది తాగేవాడిని తప్పుపడుతుంది. ఈ రెండింటి నడుమ మరొక ప్రశ్న మరుగున పడిపోతున్నది. ఏళ్ల తరబడి మత్తుకు అలవాటుపడిన మనిషికి ఆ మత్తు అందకుండా పోయిన మరునాడు ఏమి జరుగుతుంది? ఆ తరువాతి నెలలో, ఆ తరువాతి సంవత్సరంలో అతని మనస్సును ఎవరు నిలబెడతారు? ఈ వ్యాసం ఆ మూడవ ప్రశ్న చరిత్ర. ఆ ప్రశ్నను నిర్లక్ష్యం చేస్తే ఎంత నష్టమో తెలంగాణ ఒకటికి మూడుసార్లు అనుభవించింది గనుక మన నేల మీది సంగతులతోనే మొదలుపెడతాను.

కల్లు కుండలో కలిసిన మందులు

దేవరయాంజాల్, తూంకుంట, శామీర్‌పేట, మేడ్చల్ పరిసరాలలో నివసించే పాఠకులకు కల్లు కొత్త వస్తువు కాదు. తాటి, ఈత చెట్ల నుండి గీసిన నీరా కొన్ని గంటలలోనే పులిసి కల్లవుతుంది. అందులో సహజంగా ఉండే ఆల్కహాలు సుమారు నాలుగైదు శాతం మాత్రమే. పండుగలకు, పెండ్లిళ్లకు, చావులకు, దేవతల సాకలకు కల్లు తెలంగాణ పల్లె జీవితంలో భాగమై ఉన్నది. గీత వృత్తి వేలాది కుటుంబాలకు కూడు పెట్టింది.

నగరం విస్తరిస్తూ పొలాలు వెంచర్లుగా, గోదాములుగా మారినకొద్దీ చెట్లు తగ్గాయి గాని తాగేవారు తగ్గలేదు. ఉన్న కొద్దిపాటి కల్లులో నీళ్లు, చక్కెర పదార్థాలు కలిపి, మత్తు చాలదని మందులు కలపడం కొందరికి వ్యాపారమైంది. అట్లా కలిపే మందులలో ముఖ్యమైనవి మూడు. క్లోరల్ హైడ్రేట్‌ను జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ 1832లో తయారుచేయగా, 1869 నుండి అది నిద్రమందుగా వాడుకలోకి వచ్చింది. డయాజెపామ్ 1963లో, అల్ప్రజోలామ్ 1980ల ఆరంభంలో వైద్యానికి అందాయి. చివరి రెండూ ఆందోళనకు, నిద్రలేమికి వైద్యులు కొద్ది రోజులపాటు, కొద్ది మోతాదులో రాసే మందులు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఈ రెండింటినీ నియంత్రణలో ఉంచింది. వాటిని ఎంత కలిపారో కలిపినవాడికే సరిగా తెలియని స్థితిలో, రోజూ రెండు పూటలా సీసాల కొద్దీ తాగే కూలి మనిషి తాను కల్లుకు అలవాటుపడ్డానని అనుకుంటాడు. నిజానికి అతని మెదడు నిద్రమాత్రలకు బానిసై ఉంటుంది.

మూడుసార్లు పడిన మూత

మొదటి మూత సారాది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్లలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు తమ బతుకుల గురించి చర్చించుకుని, సారా దుకాణానికి ఎదురు నిలిచారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమంతో ముడిపడి నిలిచిపోయింది. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ స్త్రీల విజయాన్ని ఏమాత్రం తక్కువ చేయలేము. కూలి డబ్బు ఇంటికి చేరడమే ఎన్నో ఇళ్లలో పిల్లలకు అన్నమైంది. కాని ఏ చట్టమైనా అమ్మకాన్ని ఆపగలదు, తాగేవాడి నరాలలోని వణుకును, సాయంత్రమయ్యేసరికి తల ఎత్తే కోరికను ఆపలేదు. ఆ పని చికిత్సది.

రెండవ మూత కల్తీ కల్లుది. 2015లో తెలంగాణ అధికారులు కల్తీపై దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మత్తుమందు సరఫరా ఒక్కసారిగా తగ్గిపోయింది. కొద్ది రోజులలోనే ప్రభుత్వాసుపత్రులకు విచిత్రమైన రోగులు రాసాగారు. కొందరికి మూర్ఛలు, కొందరికి లేనివి కనిపించడం, వినిపించడం, కొందరికి పిచ్చి ఆవేశం. మంచాలకు కట్టివేయవలసి వచ్చినవారు కూడా ఉన్నారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. కల్లు తాగినందుకు జబ్బుపడ్డారని చాలామంది భావించారు. అసలు సంగతి దానికి విరుద్ధం. అలవాటైన మందు ఆగిపోయినందుకు జబ్బుపడ్డారు.

మూడవ మూత 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో వచ్చింది. మద్యం దుకాణాలు, కల్లు కాంపౌండ్లు ఒకే రోజున మూతపడ్డాయి. వారం తిరగకముందే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు ఉపసంహరణ లక్షణాలతో వచ్చేవారి వరుస పెరిగింది. పొరుగున కేరళ ప్రభుత్వం వైద్యుడి చీటీ మీద మద్యం ఇవ్వడానికి ఉత్తర్వు జారీచేయగా, వైద్యులు అభ్యంతరం చెప్పారు, హైకోర్టు దానిని నిలిపివేసింది.

ఈ మూడు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మూసినవారి ఉద్దేశాలు వేరు, పరిస్థితులు వేరు. కాని మూడుసార్లూ సరఫరా గురించి ఆలోచించినంతగా తాగే మనిషి గురించి ఆలోచించలేదు. తరువాత దుకాణాలు తెరుచుకోగానే ఎందరో తిరిగి అక్కడికే చేరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినప్పుడు మనం మళ్లీ పాత ప్రశ్నల దగ్గరికే వచ్చి నిలబడ్డాము.

పూర్వులు గ్రహించిన సత్యం

వ్యసనం మనస్సుకు సంబంధించిన వ్యాధి అన్న ఆలోచన నిన్న మొన్నటిది కాదు. చరక సంహిత చికిత్సా స్థానంలో మదాత్యయం, అనగా మద్యం వలన కలిగే రోగం, ఒక పూర్తి అధ్యాయం. మద్యం శరీరాన్ని మాత్రమే గాక మనస్సును కూడా క్షోభపెడుతుంది కాబట్టి మనస్సుకు ఉల్లాసం కలిగించే ఉపచారాలు కూడా అవసరమని ఆ గ్రంథం చెబుతున్నది. మానివేసిన మనిషి హఠాత్తుగా తిరిగి అతిగా తాగితే వచ్చే వికారాలను వేరుగా పేర్కొన్నది. అదే సంహిత సూత్ర స్థానంలో, చిరకాలంగా పాతుకుపోయిన చెడు అలవాటును ఒక్కసారిగా గాక, పాదం పాదంగా తగ్గించుకోవాలని సూచన ఉన్నది. నేటి వైద్యుడు నిద్రమాత్రల వ్యసనాన్ని వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ మాన్పించే పద్ధతికి ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి.

పాశ్చాత్య దేశాలలో ఈ ఆలోచన పద్దెనిమిదవ శతాబ్దం చివర బలపడింది. అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ 1784లో ఘాటైన మద్యాల దుష్ఫలితాలపై పుస్తకం రాశాడు. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన థామస్ ట్రాటర్ 1804లో తాగుబోతుతనం మనస్సుకు సంబంధించిన వ్యాధి అని స్పష్టంగా చెప్పాడు. రోగి విశ్వాసాన్ని చూరగొనడం వైద్యుని మొదటి పని అన్నది ఆయన అభిప్రాయం. అయినా తరువాతి శతాబ్దమంతా లోకం ఆ మాటను పక్కన పెట్టి, తాగేవాడిని పాపిగానో, నేరస్థుడిగానో చూస్తూ వచ్చింది.

బాధితుడే బాధితునికి తోడు

1935లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో ఒక మార్పు వచ్చింది. తాగుడుతో జీవితం చితికిపోయిన న్యూయార్క్ వ్యాపారి బిల్ విల్సన్, అదే స్థితిలో ఉన్న శస్త్రవైద్యుడు డాక్టర్ బాబ్ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఉపదేశించేవాడు, వినేవాడు అన్న తేడా లేకుండా, ఇద్దరూ బాధితులుగానే మాట్లాడుకోవడం వారికి పనిచేసింది. దాని నుండి ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. 1957 నాటికి అది భారతదేశానికి వచ్చింది. రుసుము లేదు, పేరు చెప్పనవసరం లేదు, మానాలన్న కోరిక ఒక్కటి చాలు. నేడు తెలుగు నగరాలలో కూడా ఈ బృందాల సమావేశాలు జరుగుతున్నాయి.

మన పొరుగున చెన్నైలో శాంతి రంగనాథన్ తన భర్తను మద్యపాన వ్యసనం వలన కోల్పోయి, ఆ దుఃఖం నుండి 1980లో ఆయన పేరిట టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ స్థాపించారు. అక్కడ చికిత్స శరీరంలోని విషాన్ని దించడంతో ఆగలేదు. వారాల తరబడి కౌన్సెలింగు, భార్యకు, తల్లిదండ్రులకు వేరుగా తరగతులు, ఇంటికి వెళ్లిన తరువాత కూడా పలకరింపు ఆ పద్ధతిలో భాగాలు. తరువాత ఆ సంస్థ తమిళనాడులోని మంజక్కుడి గ్రామంలో చికిత్సా శిబిరాలు నడిపింది. ఊరివారే వసతి, భోజనాలు చూసుకోవడం, చికిత్స పొందినవాడిని ఊరే కనిపెట్టుకుని ఉండడం ఆ శిబిరాల బలం. నగరానికి వచ్చి నెల రోజులు ఉండలేని కూలి మనిషికి ఇదే సరైన దారి.

మందలింపు నుండి సంభాషణకు

ఇరవయ్యవ శతాబ్దం నడిమి కాలంలో వ్యసనపరుణ్ణి గట్టిగా నిలదీసి, సిగ్గుపరచి, అతని అహంకారాన్ని విరగ్గొడితే గాని మారడన్న నమ్మకం చికిత్సా కేంద్రాలలో ప్రబలింది. దానిని ప్రశ్నించినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్. ఆయన నార్వేలో కొందరు మనస్తత్వ నిపుణులకు శిక్షణ ఇస్తున్నప్పుడు, మీరు ఆ మాట ఎందుకు అన్నారు, ఈ ప్రశ్న ఎందుకు వేశారు అని వారు అడుగడుగునా ఆపి అడిగారట. వారికి సమాధానం చెప్పే క్రమంలో తన పద్ధతి ఏమిటో ఆయనకే స్పష్టమైంది. 1983లో ఆయన దానిని వ్యాసంగా ప్రచురించాడు. దానినే ప్రేరణాత్మక సంభాషణ అనవచ్చు. పదేళ్ల తరువాత ఆయన బృందం చేసిన ఒక పరిశీలనలో, చికిత్సకుడు ఎంత ఎక్కువగా నిలదీస్తే రోగి ఏడాది తరువాత అంత ఎక్కువగా తాగుతున్నట్లు తేలింది.

ఈ సంభాషణ ఎట్లా ఉంటుంది? మన వైపు ఒక కౌన్సెలరు, కల్లుకు అలవాటుపడిన ఒక పెద్దమనిషి మాట్లాడుకుంటున్నారని ఊహించండి.

"కల్లు తాగితే నీకు ఏం మంచిగనిపిస్తది పెద్దయ్యా?"

"ఒళ్లు నొప్పులు తెల్వయి సారు. నిద్ర పడ్తది."

"మరి మంచిగనిపియ్యనిది ఏమన్న ఉన్నదా?"

"పొద్దుగాల చేతులు వణుకుతయి. బిడ్డను చూడవచ్చినోళ్ల ముంగట చాయ్ గిలాస పట్టలేకపోయిన."

"బిడ్డ పెండ్లి నాటికి ఆ చేతులు ఎట్లుండాలనుకుంటున్నవ్?"

ఇందులో కౌన్సెలరు మానమని ఒక్కసారి కూడా చెప్పలేదు. తాగడంలోని సుఖాన్ని కూడా కాదనలేదు. ఆ మనిషి మనస్సులో అప్పటికే ఉన్న రెండు పక్షాలనూ అతని నోటనే పలికించి, తాను విలువనిచ్చేదానికీ, తన నేటి జీవితానికీ మధ్య దూరాన్ని అతనికే కనిపింపజేశాడు. ఇతరులు చెప్పిన కారణంతో మానినవాడి కంటే, తన నోటితో తాను చెప్పుకున్న కారణంతో మానినవాడు ఎక్కువ కాలం నిలబడే అవకాశం ఉన్నది.

జారిపడినవాడు మళ్లీ లేవడం

మానడం కంటే మానివేసి ఉండడం కష్టం. 1985లో అలన్ మార్లాట్, జూడిత్ గోర్డన్ ఈ విషయంపై పుస్తకం వెలువరించారు. తిరిగి తాగడానికి దారితీసే సందర్భాలలో ముఖ్యమైనవి మూడని వారు చూపారు. అవి దుఃఖం, కోపం వంటి భావాలు, ఇంట్లోనో బయటనో తగాదా, తోటివారి బలవంతం. మరొక సూక్ష్మమైన విషయం కూడా చెప్పారు. మానినవాడు ఒక్క గ్లాసు తాగితే అది జారడం మాత్రమే. కాని "ఎలాగూ వ్రతభంగమైంది, నేనింతే" అనుకున్న క్షణంలో అది పూర్తి పతనమవుతుంది. రోగిని పడగొట్టేది ఆ గ్లాసు కంటే ఎక్కువగా, దానికి అతను చెప్పుకున్న అర్థం.

దీనిని మన అనుభవంతో పోల్చుకోండి. ఏటా కార్తీకంలో మన ఊళ్లలో ఎందరో అయ్యప్ప మాల ధరించి 41 రోజులు మద్యం ముట్టరు. మాల తీసిన వారంలోనే కొందరు పాత దారి పడతారు. భక్తి చాలలేదని నిందించడం తేలిక. కాని ఆ 41 రోజులలో ఏమేమి మారిందో లెక్కించండి. తెల్లవారుజామున లేచే నియమం, వేరే దుస్తులు, వేరే స్నేహబృందం, సాయంత్రాలకు భజన, దుకాణం ముందు నుండి వెళ్లినా ఎవరూ పిలవకపోవడం, ఇంట్లో చిన్నవారు సైతం "స్వామి" అని గౌరవంగా పిలవడం. మానసిక చికిత్సకులు రోగి చుట్టూ ఎంతో శ్రమపడి నిర్మించే ఏర్పాటు ఇదే. మాల తీసిన నాడు ఆ ఏర్పాటంతా ఒక్కసారిగా కూలిపోతుంది. కాబట్టి 42వ రోజు సాయంత్రం ఎక్కడ, ఎవరితో గడపాలన్నది ముందే నిర్ణయించుకున్నవాడికి నిలబడే అవకాశం ఎక్కువ. ఇదే ప్రవర్తనా చికిత్స సారాంశం. ప్రమాదకరమైన సందర్భాలను ముందుగా గుర్తించడం, వద్దని చెప్పడం అభ్యాసం చేయడం, కోరిక కెరటంలా లేచి కొంతసేపటికి తానే దిగిపోతుందని తెలుసుకుని ఆ కాసేపు ఓర్చుకోవడం.

అయితే ఒక హెచ్చరిక. రోజూ అతిగా తాగేవారు మాల కోసమైనా సరే, వైద్యుని సలహా లేకుండా ఒక్కసారిగా మానడం ప్రాణాపాయం. మద్యం ఆపిన ఒకటి రెండు రోజులలో మూర్ఛలు, రెండు నుండి నాలుగు రోజులలో తీవ్రమైన మతిభ్రమ రావచ్చు. కల్తీ కల్లు తాగేవారిలో ఇది మరికొంత ఆలస్యంగా కూడా మొదలుకావచ్చు.

ఏ పద్ధతి గొప్పది అన్న వాదం కూడా ఒకప్పుడు సాగింది. అమెరికాలో 1,726 మందిపై జరిగిన ప్రాజెక్ట్ మ్యాచ్ అనే పెద్ద అధ్యయనం మూడు మానసిక చికిత్సలను పోల్చింది. 1997లో వెలువడిన ఫలితాలలో మూడూ దాదాపు సమానంగానే మేలు చేశాయి. పద్ధతి పేరు కంటే, రోగి చికిత్సలో కొనసాగడం, అతనితో మాట్లాడే మనిషి సానుభూతి ముఖ్యమని చాలామంది వైద్యులు దాని నుండి గ్రహించారు.

నిపుణులు లేని చోట

మన దేశంలో 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. ఊరూరా మానసిక వైద్యుడిని నియమించడం సమీప భవిష్యత్తులో సాధ్యం కాదు. అయితే గోవాలోని 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో జరిగిన ఒక పరిశోధన ఆశ కలిగిస్తున్నది. మానసిక వైద్యంలో పూర్వ శిక్షణ లేని స్థానికులకు ప్రేరణాత్మక సంభాషణ నేర్పి, హానికరంగా తాగే పురుషులతో నాలుగు సమావేశాల వరకు మాట్లాడించారు. 2017లో లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలు ప్రచురించింది. మూడు నెలల తరువాత కౌన్సెలింగు పొందినవారిలో 36 శాతం మంది ప్రమాద స్థాయి నుండి బయటపడగా, పొందనివారిలో అది 26 శాతం. వందమందిలో అదనంగా పదిమంది. ఇది అద్భుతం కాదు గాని, నాలుగు సంభాషణలకు లభించిన ఫలితమని మరువరాదు. మన ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాలు ఉన్న ప్రతి ఊరిలో ఇటువంటి ప్రయత్నం సాధ్యమే.

మీరు చేయదగినవి

మీ ఇంట్లో అటువంటి వ్యక్తి ఉంటే మొదట భయపెట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం మానండి. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగానికి తీసుకువెళ్లండి. ఉపసంహరణ లక్షణాలను మందులతో అదుపు చేసే ఆ కొద్ది రోజులు చికిత్సకు ఆరంభం మాత్రమే, తరువాతి నెలల కౌన్సెలింగు గురించి ఆ రోజే వైద్యుణ్ణి అడగండి. అతను తాగకుండా ఉన్న సమయంలో, ఉదయం పూట, ఒక్క విషయం మీదే నిదానంగా మాట్లాడండి. జారితే నిందించకుండా, ఆ రోజు ఏమి జరిగిందో తెలుసుకోండి.

ప్రైవేటు కేంద్రంలో చేర్పించేముందు దానికి ప్రభుత్వ నమోదు ఉన్నదా, వైద్యుడు వస్తాడా, కుటుంబాన్ని కలవనిస్తారా అని విచారించండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వలన కలిగే రుగ్మతలను కూడా తన పరిధిలోకి తెచ్చింది. రోగిని గొలుసులతో బంధించడాన్ని ఆ చట్టం నిషేధించింది, అమానుషంగా చూడకుండా అతనికి రక్షణ కల్పించింది. కొట్టి మాన్పిస్తామని చెప్పే కేంద్రం ఎంత పేరున్నదైనా అక్కడి నుండి వెనుదిరగండి.

వ్యసన విముక్తి సలహాకు జాతీయ ఉచిత సహాయవాణి 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ సహాయవాణి 14416. మీ ఊరిలో ఈసారి ఏదైనా దుకాణం మూయించాలని తీర్మానం జరిగితే, దానికి మనస్ఫూర్తిగా మద్దతు పలకండి. అదే తీర్మానంలో మరొక వాక్యం చేర్చమని కూడా కోరండి. మూసే రోజుకు ముందే వైద్య శిబిరం పెట్టించాలని, ఆ తరువాత కనీసం ఆరు నెలలు వారానికొకసారి కౌన్సెలరు ఊరికి రావాలని ఆ వాక్యంలో ఉండాలి.